సోమమ్మ వదినె, మంద విడువని కుక్క

మా వదినె సోమమ్మ వస్తుంటే ముందు ఆమె గొంతు వస్తుంది, తర్వాత గొర్రెలు వస్తాయి, ఆఖరున ఆమె వస్తుంది. మక్తల్ నుంచి ఆత్మకూర్ పోయే దారిలో బస్సు దిగి, చేన్ల నడుమ గంటసేపు నడిస్తే మా బోడగుట్ట. మా ఊళ్ళో మందల వెంట మగవాళ్ళే పోయేవారు. ఆడవాళ్ళం ఇంటి దగ్గర గొర్రెపిల్లలను చూసుకుంటూ, ఉన్ని వడుకుతూ ఉండేవాళ్ళం. వదినె మగడు పుణేలో సెంట్రింగు పనికి పోయి పండుగలకే వస్తాడు. కొడుకు పరమేష్‌కు గొర్రెల వాసనే పడదు. "అయితే నేనే పోత. మీసాలున్నోళ్ళ వెంటనే నడుస్తమని గొర్రెలు ఏమన్నా ఒట్టు పెట్టుకున్నయా?" అని ఆమె గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని బయలుదేరింది. అప్పటి నుంచి మంద ఆమెదే.

ఆమె నా భర్త వెంకటనర్సుకు అక్క. మా ఇళ్ళకు నడుమ ఒకటే గోడ.

తెలంగాణ వచ్చిన మూడో ఏడు సర్కారు పథకంలో వదినెకు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు వచ్చాయి. ఇంట్లో పాత నల్ల గొర్రెలు కొన్ని ఉండనే ఉన్నాయి. కొత్తవి తెల్లవి, పొడుగు కాళ్ళవి. ఎక్కడి నుంచో లారీలో వచ్చాయి కాబట్టి మా గుట్టలు వాటికి కొత్త. ఆకు కదిలినా నాలుగు దిక్కులకు నాలుగు పరుగెత్తేవి. తోడేళ్ళకు ఇంకేం కావాలి? నెలకొక పిల్ల పోయేది.

ఒక సాయంత్రం మా ఆయన రొట్టె తింటూ అన్నాడు.

"అక్కా, బాపు దగ్గరుండె సూడు మందకుక్క! అది ఉన్నన్ని దినాలు మన మంద దిక్కు తోడేలు మొఖం పెట్టిందా? ఆ జాతి మళ్ళ జెయ్యాలె."

"జాతి చేసుడేందిరా? అదేమన్నా జొన్నరొట్టెనా, పిండి కలిపి కొట్టనీకి?"

"రొట్టె కొట్టనీకి నాగరాణి ఉన్నది. జాతి చెయ్యనీకి నువ్వున్నవ్. మధ్యల నేను తింట."

ముగ్గురం నవ్వాం. ఆ వానకాలంలోనే ఒక పొద్దున చేను గట్టు మీద కూచున్న మనిషి మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. ఆయనకు నలభై నాలుగేళ్ళు. మా బిడ్డ ప్రవళిక అప్పుడే నల్గొండలో నర్సు చదువుకు చేరింది.

పదకొండో దినం అయిన తర్వాత వదినె వచ్చి నా పక్కన కూచుంది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు. తర్వాత, "వాడు చెప్పిన పని ఒకటి మిగిలింది. లే, నాగరాణీ" అంది.

పరమేష్ అప్పటికే మంద అమ్మేద్దామని పట్టుబట్టి ఉన్నాడు. ట్రాలీ ఆటో కొనాలని వాడి కోరిక. "కుక్కలు తయారయ్యేదాకా ఆగు" అంది వదినె.

"కాకుంటే?"

"కాకుంటే నేనే ఒక్కొక్కదాని చెవు పట్టి లారీ ఎక్కిస్త. ఇగ చాలా?"

వాడు సరేనన్నాడు. తల్లి మాట తప్పదని వాడికి తెలుసు. మందను విడిచి తల్లి బతకలేదని కూడా తెలుసు, కానీ ఆ సంగతి వాడు ఆలోచించలేదు.

ఆ మందకుక్కలు ఎట్లా మాయమయ్యాయో ఊళ్ళో అందరికీ తెలుసు. నల్ల గొంగళ్ళు అడిగేవాళ్ళు తగ్గారు, మందలు అమ్ముకున్నారు, మనుషులు బొంబాయి పనులకు పోయారు. పని పోయిన కుక్కలు ఊళ్ళోకి వచ్చి వీధి కుక్కల్లో కలిసిపోయాయి. కానీ ఆ జాతి ఎట్లా ఉండేదని అడిగితే ఏ ఇద్దరి మాటా కలవలేదు. ఒకరు చెవులు నిక్కి ఉండేవన్నారు, ఒకరు వాలి ఉండేవన్నారు. రంగు నలుపని ఒకరు, ఎండిన జొన్నచొప్ప రంగని ఒకరు. ఆఖరికి ఎనభై దాటిన మైసయ్య తాత దగ్గరకు పోయాం. చిన్నప్పటి నుంచి మందల్లో పెరిగిన మనిషి. వదినె ఆయన ముందు గొంతుక్కూర్చుని, పెండ్లి సంబంధం మాట్లాడుతున్నట్టు అడిగింది.

"చెవులెట్లుంటుండె తాతా?"

"తమలపాకు కొస మడిసినట్టు."

"తోక?"

"కొడవలి లెక్క."

"బొచ్చు?"

"రెండు పొరలు. మీది పొర బిరుసు, లోపలిది గొర్రెపిల్ల బొచ్చు తీరు. వాన పడితే దులుపుకుంటది, లోపల తడవదు. ఛాతీ ఇంత, నడుము ఇంతే. పాదాలు వెడల్పు, పల్లేరుకాయల మీద చెప్పులేసుకున్నట్టు నడుస్తది. ఊకె మొరగదు. మొరిగిందంటే ఏదో ఉన్నట్టు."

అన్నీ మనసులో పెట్టుకుని వదినె వెతకటం మొదలు పెట్టింది. కృష్ణానది అవతలి కన్నడ ఊళ్ళ నుంచి ఒక ఆడకుక్కను తెచ్చింది. సన్న నడుము, వెడల్పు పాదాలు. దానికి గంగి అని పేరు పెట్టింది. మగది దేవరకొండ దగ్గర మైసయ్య తాత మేనల్లుడి మందలో ఉందని తెలిసింది. ప్రవళికను చూసి రావటానికి నల్గొండ పోయినప్పుడు, తిరిగి వచ్చే దారిలో ఇద్దరం దిగి దాన్ని తీసుకున్నాం. అప్పుడు మొదలైంది అసలు తంటా. బస్సులో కుక్కను ఎక్కనివ్వరు. వదినె దానికి గొంగడి కప్పి, తల మీదుగా ముసుగు లాగి, కిటికీ పక్కన కూచోబెట్టింది. దాని పక్కన ఆమె, ఆమె పక్కన నేను.

కండక్టరు వచ్చాడు. "ముగ్గురా? ఎక్కడికి?"

"ఇద్దరం. ఈయన మా పెద్దమనిషి. జరమొచ్చింది."

"పెద్దమనిషికైతే టికెట్ వద్దా అమ్మా?"

అప్పుడే గొంగడి కింది నుంచి కొడవలి లాంటి తోక బయటికి వచ్చింది. కండక్టరు తోకను చూశాడు, వదినెను చూశాడు. బస్సంతా మావైపే చూస్తోంది. నేను కొంగుతో మొఖం కప్పుకున్నాను. మా ఆయన పోయిన తర్వాత నాకు నవ్వు రావటం అదే మొదటిసారి. ఆపుకోలేకపోయాను.

"జరం బాగనే ఉన్నట్టుందమ్మా, తోక మొలిసింది" అన్నాడు కండక్టరు. సామానుకు కొట్టే టికెట్ కొట్టి, "నా బస్సుల మొరిగిందంటే ముగ్గురినీ దింపుత" అని పోయాడు. కల్వకుర్తిలో ఎవరో దాని కాలు తొక్కారు. అది ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకుంది. "చూసినవా? జాతి!" అని వదినె నా డొక్కలో పొడిచింది. ఆ కుక్కకు పెద్దమనిషి అనే పేరే నిలిచింది. వేరే చోట పెరిగిన ఆ రెండూ మా గొర్రెల దగ్గర నిలవలేదు, మా ఆశంతా వాటి పిల్లల మీదే.

ఎండాకాలంలో గంగి తొలి ఈత ఈనింది. ఐదు పిల్లలు. వదినె మంద వెంట పోయేది కాబట్టి వాటిని సాకే పని నాకు అప్పజెప్పింది. నేను ఒక్కదాన్నే ఉంటున్న ఇల్లు. ఐదు పిల్లలు వాకిలంతా తిరుగుతుంటే కాళ్ళకు అడ్డం పడేవి, చీపురు లాక్కునేవి, నా మంచం కిందే పండుకునేవి. నాకొక అలవాటు ఉండేది, ఇప్పటికీ ఉంది. పొద్దున మూడు జొన్నరొట్టెలు కొడతాను. రెండు నాకు రెండు పూటలకు, మూడోది ఆయన చేనికి తీసుకుపోయే సద్దికి. ఆయన పోయాక రెండు కొట్టినా చాలు. కానీ చెయ్యి వినలేదు, మూడుకే పిండి తీసుకునేది. ఆ ఎక్కువైన రొట్టె కుక్కపిల్లలకు పెట్టేదాన్ని. మూడింటికి చెవులు తమలపాకు మడతలాగే వచ్చాయి. మైసయ్య తాత చూసి, "అచ్చం గవే" అన్నాడు. వదినె ఊరంతా చూపించింది. పశువుల దవాఖానలో సూది వేయించటానికి తీసుకుపోతే శ్రవణ్‌కుమార్ డాక్టరు, "జాతి ఏంది?" అని అడిగాడు.

"మందకుక్క."

"గా పేరు మా లిస్టుల లేదమ్మా. నాటు కుక్క అని రాస్త."

"నాటు కోడి, నాటు టమాట, నాటు మనుషులం! మాకు పేర్లున్నయ్ గద సార్, దానికెందుకుండదు?"

ఆయన నవ్వి, నాటు అనే రాశాడు.

దసరా ముందు ఐదు కుక్కలూ మందతో పోయాయి. నాలుగో రోజు నేను వాకిలి ఊడుస్తున్నాను. దుమ్ము లేపుకుంటూ ఐదూ వరుసగా వచ్చి, నా ఇంట్లోకి దూరి మంచం కింద పడ్డాయి. వాటి వెనక కాసేపటికి వదినె వచ్చింది.

"తోడేలొచ్చింది. మీ పెద్దమనుషులు ఐదుగురూ ముందు ఇంటికి చేరిన్రా లేదా అని చూసిపోదామని వచ్చిన" అంది. ఆ రోజు ఒక గొర్రెపిల్ల పోయింది. పరమేష్ నవ్వాడు, నవ్వి ఊరుకోకుండా, "ఇగ లారీ మాట్లాడుదునా?" అన్నాడు.

వదినె నేరుగా మైసయ్య తాత దగ్గరకు పోయింది. నేనూ వెంట పోయాను.

"చెవులొచ్చినయ్, తోకొచ్చింది, బొచ్చొచ్చింది. బుద్ధెందుకు రాలే తాతా?"

"ఎక్కడ పెంచిన్రు?"

"ఇంట్ల."

ముసలాయన నుదురు కొట్టుకున్నాడు. "ఇంట్ల పెంచితే ఇల్లు కాస్తది, మంద ఎట్ల కాస్తది? నెల దాటంగనే గొర్రెపిల్లల గంప కిందేస్తుండె. గొర్రెపాలు పిండి పోస్తుండె. గొర్రెనే తల్లి అనుకోవాలె, మందనే ఇల్లు అనుకోవాలె. మనిషి చెయ్యి తల మీద పడొద్దు. తిండి పెట్టినా మందల్నే పెట్టాలె, దాన్ని కాసెటోళ్ళే పెట్టాలె."

"గీ ముచ్చట ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెవులడిగినవ్, చెప్పిన. తోకడిగినవ్, చెప్పిన. పెంపకం ఎవరడిగిన్రు?"

వదినె అక్కడే కూలబడి, తలమీద చెయ్యి పెట్టుకుని పెద్దగా నవ్వింది. "సంబంధం చూసేటప్పుడు ముక్కు మూతి చూసి, గుణం అడగనట్టయింది మన పని!"

ఇంకొక్క ఈత వరకు ఆగమని కొడుకును ఒప్పించింది. ఆ శివరాత్రికి గంగి నాలుగు పిల్లలను పెట్టింది. నెల దాటగానే వదినె వాటిని మందలోకి తీసుకుపోయి గొర్రెపిల్లలతో పాటు పెద్ద గంప కింద మూసింది. మూడు పిల్లలు నడుమన వెచ్చగా పండుకునేవి. ఒకటి మాత్రం గంప అంచుకు పోయి, సందులో ముక్కు పెట్టి, మొఖం బయటికే చేసి పండుకునేది. నుదుట తెల్ల చుక్క ఉన్న ఆడపిల్ల. దాని చెవులు రెండూ గాడిద చెవుల్లా నిలువుగా లేచి ఉన్నాయి.

"ఇది కాదు జాతి" అన్నాడు మైసయ్య తాత చెవులు చూసి.

"చెవులతోని నాకు పనిలేదు తాతా. అది ఏ దిక్కు చూస్తాందో చూడు" అంది వదినె. దానికి చుక్క అని పేరు పెట్టి, దాన్నే ఉంచుకుంది.

దసరా నాటికి చుక్క పెరిగింది. పరమేష్ ఈసారి గట్టిగా గడువు పెట్టాడు. "ఉగాది దాకా చూస్త. ఒక్క పిల్ల తోడేలు నోట్ల పడ్డా మంద అమ్ముడే. మళ్ళ ఇంకో ఈత అనొద్దు."

"ఒట్టు" అంది వదినె.

రోజూ మధ్యాహ్నం వదినెకు సద్ది తీసుకుపోయేది నేనే. చుక్కను ముట్టుకోవద్దు, తిండి పెట్టొద్దు అని నాకు గట్టిగా చెప్పింది. కొన్ని రోజులు ఆగాను. కానీ ఆ మూడో రొట్టె ఉంది కదా. ఇంట్లో ఉంచితే ఎండిపోతుంది. దాన్ని చూస్తూ కూచోలేను. ఒకరోజు పరికి పొద చాటున చుక్కకు పెట్టాను. తల మీద చెయ్యి కూడా వేశాను. తర్వాత రోజూ అదే పని. సంక్రాంతి పోయాక ఒకరోజు నేను తిరిగి వస్తుంటే వెనక అడుగుల చప్పుడైంది. చుక్క నా వెంటే ఇంటిదాకా వచ్చింది. దాన్ని తరిమివేయాలని నాకు తెలుసు. తరమలేదు. గడపలో కూచుంటే నా ఒళ్ళో తల పెట్టింది. ఇంట్లో ఒక ప్రాణం ఉన్నట్టు అనిపించింది.

పొద్దు వాలకముందే వదినె కుంటుకుంటూ వచ్చింది. మెడ చుట్టూ ఒక గొర్రెపిల్ల. దాని గొంతు మీద పసుపు అద్ది ఉంది. తోడేలు పట్టుకుంటే కర్రతో వెంటపడి విడిపించిందట. పిల్ల బతికింది కాబట్టి ఒట్టు నిలిచింది. వదినె మోకాలు మాత్రం బెణికి గుమ్మడికాయంత వాచింది.

గడపలో నన్నూ చుక్కనూ చూసింది. నేను అంతా చెప్పేశాను. మూడో రొట్టె సంగతి కూడా. ఆ మాట అంతవరకు ఎవరికీ చెప్పలేదు.

తిడుతుందనుకున్నాను. ఆమె గొర్రెపిల్లను దించి, నా పక్కన కాలు చాపుకుని కూచుంది.

"వాని వంతు రొట్టె దీనికి పెడుతున్నవన్నమాట."

నేను తల ఊపాను.

"రొట్టె కొట్టుడు బంద్ చెయ్యకు. చెయ్యి ఇననప్పుడు ఎందుకు కొట్లాడుడు? రేపటి సంది గది నాకు పెట్టు. వాడు తిననీయకుండ నా రొట్టెలెన్నో గుంజుకొని తిన్నడు చిన్నగున్నప్పుడు. జర బాకీ తీరుతది" అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ రాత్రే చుక్కను మందలోకి తోలుకుపోయింది.

మర్నాటి నుంచి రొట్టె వదినెకే. చుక్క మొదట కొన్ని రోజులు నన్ను చూడగానే లేచి వచ్చేది. నేను మొఖం తిప్పుకునేదాన్ని. అది నిలబడి, కాసేపు చూసి వెనక్కి పోయేది. తర్వాత తర్వాత లేవటం మానేసింది. పొద చాటున నేను ఏడ్చిన మాట వదినెకు తెలియదు. తెలిసే ఉంటుంది.

ఉగాదికి ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి. జొన్న కోతలు అయిపోయాయి, మంద కోసిన చేన్లో మేస్తోంది. ఎండ తగ్గుతున్న వేళ. వదినె మోకాలికి కట్టు కట్టుకుని బండ మీద కూచుంది. పరమేష్ ఆమెకు మందుబిళ్ళలు తెచ్చి, బండి ఆపి పక్కనే నిలబడ్డాడు. నేను రొట్టె మూట పట్టుకుని గట్టు ఎక్కుతున్నాను.

ఎదురుగా గుట్ట వాలు మీద తోడేలు కనిపించింది. దాక్కోలేదు. అందరూ చూడాలన్నట్టు అడ్డంగా నడుస్తోంది.

"చుక్కా! ఉస్కో! పట్టు, పట్టు!" అని పరమేష్ అరిచాడు.

చుక్క కదలలేదు. తోడేలును ఒకసారి చూసి, అటు వీపు పెట్టింది. మంద చుట్టూ మెల్లగా నడవటం మొదలుపెట్టింది.

"థూ! పిరికిది. అమ్మా, అయిపోయింది నీ జాతి!"

"నోరు ముయ్యిరా" అంది వదినె. లేవబోయి, మోకాలు పట్టుకుని మళ్ళీ కూచుంది. 

చుక్క ఒక చుట్టు తిరిగే లోపల చెదిరిన గొర్రెలు దగ్గరకు చేరాయి. పిల్లలు నడుమకు వచ్చాయి. అప్పుడది వాగు వైపు, మా ఎవరి చూపూ లేని వైపు, పోయి నిలబడింది.  అక్కడేముంది, ఉత్త పొదలు కదా అనుకున్నాను.

పొదల్లో నుంచి రెండో తోడేలు బయటికి వచ్చింది.

గుట్ట మీదది మా కళ్ళను లాగటానికి వచ్చింది. పని చేసేది ఇది. మొదటిదాని వెంట చుక్క పరుగెత్తి ఉంటే ఇది పిల్లను ఎత్తుకుని వాగు దాటేది. చుక్క తల దించి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. బొచ్చు లేచి మనిషి నడుమెత్తు కనిపించింది. ఒక్కసారి మొరిగింది. దాని గొంతు నేను వినటం అదే మొదలు. కడుపులో నుంచి వచ్చిన మొరుగు. దాని వెనక, ఆకు కదిలితే పరుగెత్తే ఆ తెల్ల గొర్రెలు ఒక్కటి కూడా కదల్లేదు. దాని నీడలో ఒదిగి నిలబడ్డాయి.

తోడేలు ఒక అడుగు వేసింది. చుక్క ముందుకూ పోలేదు, వెనక్కీ పోలేదు. కాసేపు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. తర్వాత తోడేలు తోక దించి వాగులోకి దిగిపోయింది. గుట్ట మీదది కూడా కనపడకుండా పోయింది. అంతా అయిపోయాక పరమేష్ వాగులోకి రాయి విసిరాడు.

"ఇప్పుడు విసురు రాయి, మొగోడివి" అంది వదినె. గొంతు మామూలుగా ఉంది కానీ కళ్ళు చుక్క మీదనే ఉన్నాయి.

నా చేతిలోని మూట ఎప్పుడు విప్పానో తెలియదు. రొట్టె చాపి, "చుక్కా, దా" అన్నాను. ముట్టుకోవద్దు, పెట్టొద్దు అన్న మాట ఏదీ గుర్తు లేదు. చుక్క నా వైపు చూసింది. తోక ఒక్కసారి కదిలించింది. మళ్ళీ మొఖం వాగు వైపు తిప్పుకుంది.

నేను రొట్టె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. బాధ కలగలేదని చెప్పను. కానీ ఆ బాధలోనే, మా ఆయన ఎక్కడో కూచుని 'చూసినవా' అంటున్నట్టు నాకు నవ్వు వచ్చింది.

"నా రొట్టె నాకియ్యి" అని వదినె చెయ్యి చాపింది. తుంచి నోట్లో పెట్టుకుంది. "ఉప్పు తక్కువైంది" అంది.

పరమేష్ బండి దగ్గరకు పోయాడు. బండి స్టార్ట్ చేసి, ఆపి, మళ్ళీ వచ్చాడు. "అమ్మా, గది మళ్ళ ఎప్పుడు ఈనుతది?" అన్నాడు.

మంద అమ్మలేదు. పరమేష్ ట్రాలీ ఆటో తర్వాత తన సంపాదనతోనే కొనుక్కున్నాడు. ఇప్పుడు అందులో గొర్రెలూ ఎక్కుతాయి, చుక్క పిల్లలూ ఎక్కుతాయి. నారాయణపేట నుంచి, దేవరకొండ నుంచి కూడా మందలవాళ్ళు పిల్లల కోసం వస్తారు. వదినె అడిగేది ఒక్కటే. గంప తెచ్చావా అంటుంది. గంప తెచ్చినవాడికి పిల్ల దొరుకుతుంది. గొలుసు తెచ్చినవాడు చాయ్ తాగి ఉత్త చేతులతో పోవాల్సిందే. హైదరాబాద్ నుంచి ఒకాయన కారులో మంచి మెడపట్టా, గొలుసూ తెచ్చాడు. "దీన్ని కట్టేస్తే గొలుసు కాస్తది సార్" అని చెప్పి పంపింది. శ్రవణ్‌కుమార్ డాక్టరు పోయిన ఏడు మంద దగ్గరకే వచ్చి, సూదులు వేసి, ఆమె చెప్పకముందే పుస్తకంలో మందకుక్క అని రాశాడు. మైసయ్య తాత మాత్రం ఇప్పటికీ చెవులు సరిగ్గా రాలేదనే అంటాడు.

తొలి ఈత ఐదు కుక్కల్లో రెండు నా దగ్గరే ఉన్నాయి. అవి ఇల్లు కాస్తాయి, మంచం కింద పండుకుంటాయి. వాటి మీద ఎవరికీ ఏ ఆశా లేదు కాబట్టి హాయిగా ఉన్నాయి.

నేను ఇప్పటికీ మూడు రొట్టెలే కొడతాను. మధ్యాహ్నం గట్టు ఎక్కి మూడోది వదినెకు ఇస్తాను. చుక్క లేవదు. వదినె తిని, ఒక రోజు ఉప్పు తక్కువంటుంది, ఒక రోజు మాడిందంటుంది. బాగుందని ఇంతవరకు ఒక్కసారి కూడా అనలేదు. ఒక్క ముక్క కూడా మిగల్చలేదు.